లెక్కలో లేని పిల్ల

ఆ మనిషి మొదటిసారి వచ్చినప్పుడే నాకు నచ్చలేదు.

జూన్ మొదటి వారం. మృగశిర ఇంకా రాలేదు. రేకుల మీద ఎండ పెటపెటలాడుతోంది. మోటారు సైకిలు మా వాకిట్లో ఆపి, హెల్మెట్ తీసి చంకలో పెట్టుకుని, "అక్కా, ఇంట్ల పిల్లలెంతమంది?" అని అడిగాడు. నీళ్లు అడగలేదు. ఇంటాయన ఉన్నాడా అని అడగలేదు. తానెవరో చెప్పలేదు. వచ్చీ రాగానే పిల్లలెంతమంది!

"ఒక్కతే. హాస్టల్ల ఉంటది," అన్నాను.

నేనా మాట అంటున్నప్పుడు నా చిన్నది రిత్విక ఇంట్లో జొన్నల గుమ్మి వెనకాల ఉంది. కొత్త బండి చప్పుడు వినబడితే అక్కడికి పోవాలని దానికి రెండేళ్ల నుంచి నేర్పాను. నోట్లో వేలు పెట్టుకుని కిక్కురుమనకుండా కూర్చుంటుంది. ఐదున్నరేళ్ల పిల్ల. చెప్పిన పని బాగా చేస్తుంది.

ఆ మనిషి తీగ మీద ఆరేసిన బట్టల వైపు చూశాడు. "గా చిన్న గౌను హాస్టల్ పిల్లదేనా అక్కా?"

"దాని చిన్నప్పటిది. ఇల్లు తుడుస్తున్న దాంతోని."

"తుడిచే గుడ్డకు గంజి పెడ్తరా?" అని నవ్వి పోయాడు. ఆ నవ్వు నాకు అస్సలు నచ్చలేదు. ఫోన్లలో తిరిగే వీడియోల్లో పిల్లల్ని ఎత్తుకుపోయేవాళ్లు కూడా మొదట నవ్వుతారట.

మా అత్త పెంటమ్మ అరుగు మీద కూర్చుని ఇదంతా విన్నది. "పోలీసోళ్లకన్న లేదు గదే నీ అనుమానం," అంది. అంటే అన్నదిగానీ, పిల్ల సంగతి మాత్రం ఆమె కూడా బయటపెట్టలేదు.

నా అనుమానానికి కారణముంది. తెలంగాణ వచ్చిన ఏడాది ఆగస్టులో, ఒకే రోజు ఇంటింటి సర్వే పెట్టారు. ఎవరూ ఇల్లు కదలొద్దన్నారు. హైదరాబాదులో పనులకు పోయినవాళ్లు కూడా ముందురోజే వచ్చి గడపలో కూర్చున్నారు. మా ఇంటికి వచ్చిన టీచరమ్మ మంచిదే. పిల్లలెంతమంది అని ఆమె అడిగితే, నాలుగేళ్ల నా పెద్దది సుహాసిని తల మీద ఒక చెయ్యి, ఒళ్లో ఉన్న ఏడు నెలల పిల్లాడి మీద ఒక చెయ్యి పెట్టి, "ఇద్దరు మేడమ్" అన్నాను. వాడకట్టంతా వినేటట్టు, మురుసుకుంటూ అన్నాను. సరిగ్గా ఇరవై మూడో రోజు పిల్లాడు పోయాడు. తెల్లారి జ్వరం, మాపటికి లేడు. జ్వరం తలకెక్కిందని డాక్టరు అన్నాడు. మా ఆయన నర్సింహ కూడా అదే అంటాడు. వాళ్లతో నేను వాదించను. కానీ ఇద్దరు అన్న నోరు నాది.

పిల్లల లెక్క నోటితో చెప్పకూడదని పెద్దలు ఊరికే అనలేదు. మా అత్త పేరే చూడండి. ఆమెకు ముందు పుట్టిన ముగ్గురూ పురిట్లోనే పోయారట. ఈమె పుట్టగానే చేటలో పెట్టి పెంటకుప్ప మీద పడుకోబెట్టి, ఎవరికీ అక్కరలేని పిల్ల అని చెప్పి, పక్కింటావిడ చేత ఎత్తించి, పెంటమ్మ అని పేరు పెట్టారు. మృత్యువుకు కూడా పనికిరాని పేరు. డెబ్బై రెండేళ్లు దాటాయి, పళ్లు గట్టిగానే ఉన్నాయి.

అందుకే రిత్విక పుట్టినప్పుడు నేను పుట్టింట్లోనే ఉండిపోయాను. దాని పుట్టిన కాగితం ఇప్పటికీ మా అమ్మ ట్రంకుపెట్టెలో ఉంది. సూదులన్నీ అక్కడే వేయించాను. పోయిన కార్తీకంలో మళ్లీ ఇంటింటి సర్వే వచ్చినప్పుడు "ఒక్కతే" అన్నాను. ఊళ్లో అందరికీ రిత్విక తెలుసు. కాగితాలకే తెలియదు. ఇంకొక సంగతి కూడా చెప్పాలి. నా పిల్లాడు పోయిన తర్వాత, నన్ను చూసి, మా వాడలో ఇంకొందరు తల్లులు కూడా ఒకరిని తగ్గించి చెప్పడం నేర్చుకున్నారు. ఎదురింటి జంగమ్మ తన మనవణ్ని సర్వేవాళ్ల ముందు "చుట్టాల పిల్లగాడు" అంది. ఎవరూ ఎవరినీ పట్టివ్వలేదు.

రెండు రోజులకు ఆ మనిషి మళ్లీ వచ్చాడు. ఈసారి చేతిలో పెద్ద పుస్తకం ఉంది.

"మళ్ల వచ్చినా అనుకోకు అక్కా. నేను బడి సారును. కృష్ణకాంత్. మాది హుజూర్‌నగర్ దిక్కు."

"కార్డు చూపెట్టు."

చూపించాడు. ముందు చూశాను, తిప్పి వెనక చూశాను. "గీ ఫొటోల మీసం లేదు గద?"

"ఈ ఊరి బడికి వచ్చినంకనే పెంచిన. మీసం జూసన్న పిల్లలొస్తరేమోనని."

అరుగు మీద మా అత్త కిసుక్కుమంది. నేను నవ్వలేదు. సర్కారు జీతం తీసుకునే మనిషి ఎండలో ఇల్లిల్లూ తిరగడమేమిటి? నేను ఏడో తరగతి దాకా చదివాను. మా క్లాసులో అరవై ఒక్కమందిమి. ఒకసారి అమ్మవారు పోసి నెలరోజులు పోకపోతే, ఎందుకు రాలేదని ఒక్కరూ అడగలేదు. తిరిగి పోయి నా జాగాలో కూర్చుంటే, "కొత్తగ వచ్చినవా?" అన్నాడు సారు. అటువంటిది ఇప్పుడు బట్టలిస్తాం, పుస్తకాలిస్తాం, గుడ్డు పెడతాం, పిల్లను పంపండని గడప ముందు నిలబడుతున్నారంటే, ఇందులో ఏదో ఉంది.

"ఎందుకు సారూ గింత ప్రేమ?" అని మొహం మీదే అడిగాను.

అతను అరుగు చివర కూర్చున్నాడు. "దాచేదేముందక్కా. బడిల ఏడుగురే ఉన్నరు. నెల తిరిగేలోపట పదిమంది కాకపోతే మన బడిని పెద్దరోడ్డు అవుతలి బడిల కలుపుతమని పైనుంచి చెప్పిండ్రు."

పెద్దరోడ్డు సంగతి నాకు తెలుసు. జడ్చర్ల వైపు పోయే లారీలు ఆ రోడ్డు మీద ఒకదాని వెనక ఒకటి ఆగకుండా పోతాయి. పోయినేడు ఎడ్లబండినే కొట్టింది ఒకటి. ఈ పిల్లలు చేతులు పట్టుకుని ఆ రోడ్డు దాటడం నాకు కళ్ల ముందే కనిపించింది. దాటడం కాదు, దాటలేకపోవడం కనిపించింది.

అప్పటిదాకా నా ఆలోచన వేరే ఉంది. రిత్వికను ఈ బడికే పంపుదామనుకున్నాను. కానీ పేరు రాయించకుండా. అక్కల వెంట, అన్నల వెంట చిన్నపిల్లలు పోయి వట్టిగా కూర్చోవడం ఎప్పటినుంచో ఉన్నదే కదా. బడి ఎక్కడికి పోతుంది, పేరు ఎప్పుడో ఒకప్పుడు రాయించవచ్చులే అనుకున్నాను.

"పేరు రాయకుండ ఒక పిల్లను కూసోబెట్టుకుంటవా సారూ?" అన్నాను. "మా చుట్టాల పిల్ల."

అతను గుమ్మం లోపలికి చూడకుండా, కావాలనే నేలవైపు చూస్తూ మాట్లాడాడు. "కూసోబెట్టుకుంట. అన్నం పెడ్త. చదువు చెప్త. కానీ బడి నిలవదక్కా. మీ క్లాసుల ఎంతమంది ఉండిరి?"

"అరవై ఒక్కరం."

"మీరు ఒకనాడు పోకపోతే?"

"ఎవలకెరుక?"

"గదే అంటున్న. గప్పుడు పదిమంది పోకున్నా బడి నడిచేది. ఊర్ల పిల్లలే పిల్లలు. గిప్పుడు ఇంటికి ఒక్కరు, ఇద్దరు. ఉన్న ఒక్కొక్కరి మీదనే బడి నిలవడుంది. ఒక్కరు రాకపోతే బంద్. ఒకసారి బంద్ పెట్టిన బడిని మళ్ల తెరిచిండ్రంటే నేనెక్కడ చూడలే. ఈ ఏడుగురికే కాదు, ఇంక పుట్టబోయేటోళ్లకు, వాళ్లకు పుట్టేటోళ్లకు సుత ఉండదు. అరవై మంది చేసిన పని గిప్పుడు ఒక్క పిల్ల చెయ్యాలె."

అతను పోయాక నేను గుమ్మి దగ్గర కూర్చున్నాను. రిత్విక నా ఒళ్లోకి ఎక్కి, "పోయిండా?" అంది. పోయాడు. కానీ ఎంత మాట అని పోయాడు! ఇంకా పుట్టని వాళ్ల బరువు తెచ్చి ఐదున్నరేళ్ల పిల్ల నెత్తిన పెట్టాడు. అరవై ఒక్కరిలో ఒకదాన్నై నేను హాయిగా బతికాను. ఎవరి దిష్టీ నాకు తగల్లేదు, ఎవరి ఆశా తగల్లేదు. నా పిల్లకేమో ఊరంతటి చూపూ తగిలేటట్టుంది.

మర్నాడు పాలు పోయడానికి పోతుంటే, ఆ సారు చాయ్ కొట్టు దగ్గర బక్కయ్య మామతో మాట్లాడుతూ కనిపించాడు. బక్కయ్య మామ వరసకు మామ కాదు, ఊరంతా అట్లాగే పిలుస్తుంది. ఒకప్పుడు వార్డు మెంబరు. ఊళ్లో పింఛను తీసుకునే ముసలివాళ్లందరికీ పెద్ద దిక్కు. నన్ను చూసి ఇద్దరూ మాట ఆపారు. ఆపారంటే ఏమిటి అర్థం?

పాలు పోసి తిరిగి వస్తూ సూటిగా అడిగాను. "ఏం మామా, సారుతోని గుసగుసలు?"

"గుసగుసేముందే కోడలా. మాకు బడి జాగా కావాలె. గదే చెప్తున్న," అన్నాడు బక్కయ్య మామ దాపరికం లేకుండా. "పింఛను దినం నూటెనభై మందిమి ఎండల నిలవడుతున్నం. బీపీ జూసే నర్సమ్మకు కుర్చీ ఏసే జాగ లేదు. ఆడ రెండు అర్రలు, ఫ్యాన్లు, నల్లా. ఏడుగురు పోరగాండ్లకు రెండు అర్రలా?"

"పిల్లలు యాడ చదువుకోవాలె మరి?"

"ఏ పిల్లలే? నీకు ఉన్నది ఒక్కతే, హాస్టల్ల ఉన్నది," అన్నాడు మామ. కళ్లల్లో ఒక రకమైన వెలుగు. వారం కింద రిత్వికకు చాక్లెట్ ఇచ్చిన మనిషే.

సారు చాయ్ గ్లాసులోకే చూస్తున్నాడు. వీళ్లిద్దరూ కలిసే నా చేత చెప్పించాలని చూస్తున్నారని నాకు గట్టిగా అనుమానం వచ్చింది. ఇంటికి వచ్చి తలుపు గడియ పెట్టుకున్నాను.

నర్సింహ జడ్చర్లలో మందుల కంపెనీలో షిఫ్టు దిగి వచ్చాక సంగతంతా చెప్పాను. "రాయియ్యరాదా, ఏమైతది?" అన్నాడు. మగవాళ్లకు ఏమైతది అన్న మాట ఎంత సులువుగా వస్తుందో. ఏమైందో చూసింది నేను.

మర్నాటి ఆదివారం బడిలోనే గ్రామసభ పెట్టారు. సర్పంచి పదవీకాలం అయిపోయి ఏడాది దాటింది కాబట్టి పంచాయతీ సెక్రటరీయే కుర్చీలో కూర్చున్నాడు. నేను రిత్వికను గుమ్మి వెనక కూర్చోబెట్టి, బొమ్మ చేతికిచ్చి, బయట గొళ్లెం పెట్టి మా అత్త వెంట పోయాను.

వరండా నిండా తెల్ల తలలే. నడి వయసువాళ్లు ఫ్యాక్టరీలకు, కూలికి పోయారు. ఏడుగురు పిల్లలు ఒక మూల ఒకరినొకరు గిల్లుకుంటూ కూర్చున్నారు. జంగమ్మ నా పక్కన కూర్చుంది. ఆమె కొంగు కింద ఏదో కదులుతోంది. ఇంట్లో ఒక్కణ్నీ వదిలిపెట్టలేక మనవణ్ని తెచ్చుకుంది. వాడి చెప్పులు మాత్రం కొంగు బయటికి కనిపిస్తున్నాయి.

సెక్రటరీ కాగితం చదివాడు. "సర్వే ప్రకారం మన ఊళ్లె ఆరేండ్ల లోపు పిల్లలు నలుగురు. అందులో బడికి తయారుగ ఉన్నోళ్లు ఎవ్వలు లేరు."

నేను మనసులో లెక్కపెట్టబోయి, భయపడి ఆపేశాను. లెక్కపెట్టకపోయినా తెలుసు, బడి ఈడువాళ్లు నలుగురైదుగురు ఉంటారు. వాళ్ల తల్లులో, అవ్వలో అందరూ అక్కడే ఉన్నారు. అందరూ నేల చూపులు చూస్తున్నారు.

బక్కయ్య మామ లేచాడు. "గీ బడికి రాళ్లు మోసింది మేమే. గప్పుడు మా ఇండ్లల్ల ఆరుగురు, ఏడుగురు. బడి కావాల్నని ఎవ్వలను అడగలే, మేమే కట్టుకున్నం. ఎందుకంటే గప్పుడు మేం మస్తు మందిమి. గిప్పుడు సుత మేమే మస్తు మందిమి. ఉన్నోళ్లకు కావాల్సింది అడుగుతున్నం, తప్పా?"

తెల్ల తలలన్నీ ఊగాయి. నాకూ తప్పనిపించలేదు. అదే నా బాధ.

కృష్ణకాంత్ సారు లేచి చేతులు కట్టుకుని నిలబడ్డాడు. "తప్పు కాదు తాతా. కానీ చెయ్యెత్తే హక్కు మీకే ఉన్నది. వీళ్లకు లేదు. పుట్టనోళ్లకు అసలే లేదు. రేపు మీరు నూటెనభై మంది రెండు వందలైతరు. మీకు సూదులేసేది, కాయిదాలు చదివిపెట్టేది గీ కొంచెం మంది పిల్లలే. తక్కువ మంది ఉన్నరని మీరు బడి తీసేస్తే, ఆ తక్కువ మంది సుత మీ దగ్గర ఉండరు."

"మాటలు మంచిగనే ఉన్నయి. పిల్లలేరి?" అన్నాడు సెక్రటరీ. "బడి జాగ పెద్దోళ్లకు ఇయ్యాల్ననేటోళ్లు చేతులెత్తుండ్రి."

చేతులు లేచాయి. పక్కన మా అత్త చెయ్యి కూడా లేచింది. "అత్తా!" అన్నాను పళ్ల మధ్య నుంచి.

"మోకాళ్లు నొస్తున్నయే. ఎండల నిలవడనీకె నీ మోకాళ్లా?" అంది దించకుండా.

సెక్రటరీ తీర్మానం పైకి చదవడం మొదలుపెట్టాడు. "గ్రామంలో బడి ఈడు పిల్లలు లేనందున..."

లేనందున.

ఆ మాట నా చెవిలో పడింది. పదకొండేళ్లుగా పిల్లలున్నారని చెప్పడానికి నేను భయపడ్డాను. లేదని రాసి, కింద వేలిముద్రలు వేయించి, సీలు కొట్టి ఆఫీసులో దాస్తారని ఎన్నడూ తలుచుకోలేదు. ప్రాణంతో ఉన్న పిల్లను లేదని ఊరంతా కలిసి రాస్తే, అంతకంటే పెద్ద అపశకునం ఉంటుందా? నేను దాచింది దిష్టి నుంచి. దిష్టి కంటే ముందు ఈ కాగితమే వచ్చి నా పిల్లను తీసేస్తోంది.

లేచాను. ఎవరికీ చెప్పకుండా బయటికి నడిచాను. తర్వాత పరుగెత్తాను. గొళ్లెం తీసి, గుమ్మి వెనక నుంచి రిత్వికను చంకనెత్తుకుని, మట్టికాళ్లతోనే తెచ్చి వరండా మధ్యలో కుర్చీ ముందు దించాను.

"సారూ, నేను లెక్క చెప్ప. ఎంతమందో నన్ను అడగకు. నువ్వే చూసుకో."

సెక్రటరీ కాగితాలు తిప్పాడు. "మీ ఇంట్ల ఒక్కతే అని ఉన్నది గదమ్మా?"

"కాయిదం తప్పు."

"కాయిదానికి నోరుందామ్మా, తప్పు చెప్పనీకె?"

బక్కయ్య మామ ముందుకు వంగి పిల్లను చూశాడు. "గీ పోరి నా దగ్గర చాక్లెట్లు తీసుకునే చుట్టాల పిల్లనే గద! మొత్తానికి చుట్టం ఇంటిదైందన్నమాట." అందరూ ఘొల్లున నవ్వారు. రిత్విక కూడా నవ్వింది. అంతమంది ముందు అది నవ్వుతుంటే దాని మొహానికి కొంగు అడ్డం పెట్టాను.

"నవ్వకుండ్రి! దిష్టి పెట్టకుండ్రి!" అని అరిచాను.

అప్పుడు జంగమ్మ నా వైపు చూసింది. కొంగు తీసేసింది. "నా మనుమడు సుత ఉన్నడు," అని, వాడి వీపు మీద ఒకటి చరిచి ముందుకు తోసింది. వెనక నుంచి ఇంకొకామె లేచింది, ఇంటికి పోయి తెస్తానంటూ. ఇంకా ఇద్దరు లేచారు.

కాసేపటికి పిల్లలంతా ఒక వరసలో కూర్చున్నారు. సారు సంబరంతో వేలు చాపి, "ఒకటి, రెండు..." అని మొదలుపెట్టాడు.

"వేలు చూపకు!" అని మేం ఐదుగురం ఒక్కసారే అరిచాం.

అతను ఉలిక్కిపడి చెయ్యి జేబులో పెట్టుకున్నాడు. "సరే, సరే. లెక్క పెట్ట. పేర్లు చెప్పుండ్రి, రాసుకుంట." పుస్తకం తెరిచాడు. పేరు పిలవడం వేరు, లెక్కపెట్టడం వేరు. అది మాకందరికీ ఒప్పుదలైంది.

మా దగ్గరికి వచ్చేసరికి మా అత్త ముందుకొచ్చింది. "సారూ, పెంటమ్మ అని రాయి. ఏం కాదు. నేనే సాక్ష్యం."

"అవ్వా, ఇయ్యాల ఏది రాస్తే పదో తరగతి కాయిదం దాక గదే ఉంటది. రేపు నౌకరీల సుత గదే. మళ్ల మార్చనీకె రాదు."

అందరూ నన్నే చూస్తున్నారు. ఒకసారి రాస్తే జీవితమంతా ఉంటుందట. "రిత్విక అనే రాయి," అన్నాను. అతను రాశాడు. రాసింది చూపించమన్నాను. చూపించాడు. దీర్ఘాలూ వత్తులూ సరిగా ఉన్నాయో లేదో రెండుసార్లు చదివాను.

బక్కయ్య మామ గొంతు సవరించుకున్నాడు. "అయితే మా సంగతేంది? నూటెనభై మందిమి ఎండలనేనా?"

"ఒక అర్ర మీకు, ఒకటి పిల్లలకు," అన్నాడు సారు. "పింఛను దినం మొత్తం మీకే. ఆ రోజు పిల్లలతోని కాయిదాలు చదివిపిస్త."

"చదువొస్తదా వాళ్లకు?"

"బడి ఉంటే వస్తది."

సెక్రటరీ తీర్మానం కాగితాన్ని చింపలేదు. మడిచి సంచిలో పెట్టుకున్నాడు. మండలం నుంచి మేడమ్ వచ్చి, పిల్లలు పుస్తకంలోనే ఉన్నారో బెంచీ మీద కూడా ఉన్నారో కళ్లతో చూశాకనే ఏ సంగతీ తేలుతుందని చెప్పి పోయాడు. చింపకుండా మడిచాడంటే దాని అర్థం నాకు తెలుసు.

ఆ రోజు నుంచి గుమ్మి వెనక గోడ మీద బొగ్గుతో గీతలు గీయడం మొదలుపెట్టాను. రోజుకొక గీత. పొద్దుగూకగానే ఉప్పు, ఎండుమిరపకాయలు తిప్పి పొయ్యిలో వేసేదాన్ని. పిల్ల తుమ్మితే ఒక అనుమానం, తుమ్మకపోతే ఇంకొక అనుమానం. బడిలో గుడ్డు తిన్నానంటే ఎవరు చూస్తుండగా తిన్నావని అడిగేదాన్ని.

తొమ్మిదో గీత రోజు దానికి ఒళ్లు వెచ్చబడింది. నర్సింహ బండి మీద జడ్చర్ల దవాఖానకు పోయాం. పడిశమన్నారు, సీసా ఇచ్చారు. నేను నమ్మలేదు. తిరుగుదారిలో బండి బడి దగ్గర ఆపించి, పిల్లను చంకనేసుకుని లోపలికి పోయాను.

"పేరు కొట్టెయ్యి సారూ."

కృష్ణకాంత్ సారు సుద్దముక్క కింద పెట్టాడు. పిల్ల నుదుటి మీద చెయ్యి వేయబోయి, నా మొహం చూసి వెనక్కి తీసుకున్నాడు. "కొట్టేస్తనక్కా. పదిమందికి పైనే ఉంటరు, బడికేం కాదు," అన్నాడు. నాకు కొంచెం ఊపిరి ఆడింది. "కానీ రేపు జంగమ్మ వచ్చి మనుమని పేరు కొట్టెయ్యమంటది. ఎల్లుండి ఇంకొకామె. నిన్ను జూసే దాచిండ్రంట గద? నిన్ను జూసే తెచ్చిండ్రు."

ఎవరు చెప్పారు అతనికి? బక్కయ్య మామే అయి ఉంటాడు. గడప దగ్గర ఆగాను. లోపల జంగమ్మ మనవడు పలక మీద ఏదో గీసి, తుడిచి, మళ్లీ గీస్తున్నాడు. కొంగు కింద ఉన్నప్పటి కంటే పెద్దవాడిలా కనిపించాడు. పేరు కొట్టేయమని మళ్లీ నోరు తెరవలేకపోయాను. ఇంటికి పోయాం. మూడు రోజులకు జ్వరం దిగింది.

ఇరవై రెండు గీతలయ్యాయి. మర్నాడు పిల్లను ఇల్లు కదలనివ్వకూడదని ముందే అనుకున్నాను. ఆ ఒక్క రోజు దాటితే చాలు. పొద్దుటే సారు బండి మా వాకిట్లో ఆగింది. రిత్విక గుమ్మి వైపు పోలేదు. "సార్!" అని ఎదురు పరుగెత్తింది.

"అక్కా, ఇయ్యాల మేడమ్ వస్తున్నదంట. పిల్లలందరూ ఉండాలె."

అన్ని రోజులుండగా ఇరవై మూడో రోజే! దేవుడు కూడా కావాలనే చేస్తాడేమో అనిపించింది. "ఇయ్యాల పంప," అన్నాను.

అరుగు మీద నుంచి మా అత్త అంది, "పంపకు. మంచిది. నేను పోయి పంకా కింద కూసుంట. రెండు అర్రలు మాకే."

ఆమె మొహం చూశాను. నవ్వడం లేదు, వెక్కిరిస్తోంది. నేను పిల్లకు జడలు వేసి, చెవి వెనక కాటుక చుక్క పెద్దది పెట్టి, పిడికిట్లో ఉప్పు పట్టుకుని నేనే తీసుకుపోయాను. బడి గోడ అవతల కిటికీ కింద నిలబడ్డాను. ఏమైనా అయితే ఒక్క దుముకులో లోపలుండాలి.

మేడమ్ కళ్లద్దాల మనిషి. గొంతు కటువుగా ఉంది. పుస్తకం చూసింది. "ఇందులో పన్నెండు రాసుంది. ఏదీ, కొత్తగా చేరిన పిల్లొకతి లేచి చెప్పాలి. మీ బడిలో ఎంతమంది ఉన్నారు?"

బెంచీ కదిలిన చప్పుడు. కిటికీలోంచి చూస్తే లేచింది నా పిల్లే. అది వేలు చాపింది. ఒక్కొక్కరినీ చూపిస్తూ, బిగ్గరగా, "ఒకటి, రెండు, మూడు..." అంటోంది. ఇరవై మూడో రోజు. ఆ వేలు పట్టుకుని ఆపాలని నా చెయ్యి లేచింది.

"...పది, పదకొండు. అయిపోయినయ్," అంది రిత్విక.

మేడమ్ పెన్ను ఎత్తింది. "పదకొండేనా? పన్నెండని రాశారేంటి సార్?"

సారు ఏదో చెప్పబోయాడు. అంతకంటే ముందే కిటికీ ఊచలు పట్టుకుని నేను కేకేశాను.

"నిన్ను మరిచినవు బిడ్డా! నువ్వు సుత ఉన్నవ్! పన్నెండు, మేడమ్! పన్నెండుమంది!"

లోపల అందరూ కిటికీ వైపు తిరిగారు. నా నోటి వెంట లెక్క వచ్చిందని నాకే తెలియడానికి కొంచెం సేపు పట్టింది.

"మళ్లీ చెప్పు," అంది మేడమ్ పిల్లతో.

రిత్విక ఈసారి వేలు తన ఛాతీ మీద పెట్టుకుంది. "ఒకటి," అంది.

నా పిడికిట్లో ఉప్పు చెమటకు కరిగి మణికట్టు మీదుగా కారుతోంది. తుడుచుకోలేదు. పన్నెండు దాకా వింటూ నిలబడ్డాను.